గార్డూ డ్రైవరూ ఒకే మ్యాటినీకి

ఆ సినిమా బిలాస్‌పూర్ రాకపోతే బాగుండునని నేను ఎంతగానో అనుకున్నాను.

ఇక్కడ తెలుగు సినిమాలు హిందీ మాటలతోనే ఆడతాయి. మన భాషలో ఒక్క ఆట పడడం కూడా అరుదు. కానీ దీంట్లో ఇద్దరు పెద్ద హీరోలు కలిసి నటించారు. ఒకరు మనవాడు, ఒకరు బొంబాయివాడు. పైగా కథ రైల్వేవాళ్లది. బొగ్గు ఇంజన్ల కాలంలో ఒక గూడ్సు గార్డూ, ఒక డ్రైవరూ కలిసి నల్లబజారు షావుకారి పంచదార వ్యాగన్‌ని మాయం చేస్తారు. పోలీసులు వెతుకుతుంటారు, వీళ్లు తప్పించుకుంటుంటారు, చూసేవాళ్లు నవ్వుతుంటారు. ఆదివారం మ్యాటినీ ఒక్కటీ తెలుగులో వేస్తారని తెలిసేసరికి రైల్వే కాలనీలో మనవాళ్లంతా పెళ్లి పిలుపు అందినట్టు హడావిడి పడ్డారు.

మా నాన్న గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఎనభై దాటాయి, అమ్మ పోయాక నా దగ్గరే ఉంటాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన పనిచేసిన బండిలో ఒక వ్యాగన్ సీలు తెగింది. చీరల బేళ్లు పోయాయి. బండి ఒక చిన్న స్టేషన్ బయట, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు జరిగిందని తేల్చారు. ఆ సమయంలో గార్డు బండి చివర తన బ్రేక్‌వ్యాన్‌లోంచి దిగాడని డ్రైవరు చెప్పాడు. ఆ ఒక్క మాటతో నాన్న మీద అనుమానం పడింది. సస్పెండ్ చేశారు. దాదాపు ఏడాది ఇంట్లో కూర్చున్నాడు. పోలీసులు వచ్చి క్వార్టరంతా సోదా చేశారు. బియ్యం డబ్బా బోర్లించారు, దేవుడి పటాలు దింపారు, అమ్మ ఊరగాయ జాడీ మూత తీసి చెయ్యి పెట్టారు. నేను తలుపు వెనక నిలబడి చూశాను. బళ్లో పిల్లలు నన్ను ‘చోర్ కీ బేటీ’, దొంగ కూతురు అని పిలిచేవారు. చివరికి నాన్న తప్పేమీ లేదని తేలి మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. కానీ కాలనీలో కొందరి ఇళ్లకు మేం మళ్లీ వెళ్లలేదు.

ఆ డ్రైవరు అంతకుముందు వరకూ నాన్నకు ప్రాణస్నేహితుడు. నేను ‘డ్రైవరు మావయ్య’ అనేదాన్ని. ఇద్దరూ ఒకరినొకరు డ్యూటీ పేర్లతోనే పిలుచుకునేవారు. ఏ సినిమా వచ్చినా కలిసే వెళ్లేవారు. ఆ విచారణ తర్వాత మాటల్లేవు. నలభై ఏళ్లు దాటాయి.

ఇప్పుడు నాకు ఫోన్లో వచ్చిన సినిమా ముక్కలో, గార్డు ఇంట్లో పోలీసులు సోదా చేస్తున్నారు. జవాను ఊరగాయ జాడీలో చెయ్యి పెడతాడు. కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేను ఫోన్ బోర్లించి పెట్టేశాను.

నాన్నకు చెప్పకూడదనుకున్నాను. ఆయన వెళ్లే రైల్వే క్లబ్బులో ఎవరో చెప్పేశారు.

“గార్డు, డ్రైవరు కతట. ఎల్దాం” అన్నాడు, వస్తూనే.

“టిక్కెట్లు అయిపోయాయట నాన్నా.”

“ఎవులు సెప్పేరు?”

నేను హైకోర్టు ఉన్న బోద్రీలో ఒక వకీలు దగ్గర టైపు పని చేస్తాను. పొద్దంతా అబద్ధాలూ నిజాలూ కలిపి టైపు చేసేదాన్ని, ఇంట్లో ఒక్క అబద్ధం సరిగ్గా ఆడలేకపోయాను. కోనీ యూనివర్సిటీలో చదువుకునే మా అమ్మాయి అప్పటికప్పుడే ఫోన్లో రెండు టిక్కెట్లు తీసి చూపించింది. “మమ్మీ, ఇత్నా టెన్షన్ క్యూఁ? సినిమాయే కదా” అంది. దానికి పాత సంగతులు తెలియవు. నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం దాకా నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. హాల్లో ఆయన గుండె పట్టుకుంటే ఏం చేయాలి, మధ్యలో లేచి కేకలేస్తే ఎలా, కాలనీవాళ్లు ఎవరైనా పాత మాట ఎత్తితే ఏం చెప్పాలి. బీపీ మాత్రలు, మంచినీళ్లు, ఆస్పత్రి కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. నాన్న మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, పన్నెండు గంటలకే వరండాలో కూర్చున్నాడు.

హాలు నిండిపోయింది. చుట్టూ తెలుగే. మనవాడు తెర మీదకు రాగానే ఈలలు. బొంబాయివాడికీ తక్కువ కాలేదు. ఇద్దరూ ఇంజన్ మీద నిలబడి పందెం కాస్తుంటే జనం ఊగిపోయారు. నేను తెరను చూడలేదు. తెర వెలుగు పడుతున్న నాన్న మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. చప్పుడు ఎక్కువగా ఉందని చెవి మిషను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మొహంలో ఏ కదలికా లేదు.

సోదా సీను వచ్చింది. నేను ఆయన చేయి పట్టుకున్నాను. తెర మీద జవాను జాడీలో మోచేతి దాకా పెట్టి, మంటెక్కి, పంపు కోసం గంతులు వేస్తుంటే హాలంతా పగలబడి నవ్వింది. నాన్న నా చేతిలోంచి చేయి లాక్కున్నాడు.

“మనింట్లో కూడా ఇలగే” అన్నాడు పెద్దగా. చెవిలో మిషను లేదు కదా, తన గొంతు ఎంత లేస్తోందో ఆయనకు తెలియదు. “ఆడి సెయ్యి మీద కోసుకున్న గాయం ఉంది. కారం తగిలేసరికి పంపుకాడికి పరిగెట్టీసేడు. మీ అమ్మ వంటింట్లోకెల్లి ఒకటే నవ్వు.”

ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నేను తల దించుకున్నాను. అమ్మ నవ్వడం నాకు గుర్తు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె భుజాలు కదలడం మాత్రం గుర్తుంది. ఏడుస్తోందనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఇంటర్వెల్‌లో టీ తేవడానికి వెళ్లాను. లైను పెద్దది. తిరిగి వచ్చేసరికి నాన్న సీటు ఖాళీగా ఉంది. సీట్లో చెవి మిషను మాత్రం ఉంటే తీసి గుప్పిట్లో పట్టుకున్నాను.

టీ కప్పులు ఎక్కడ పెట్టానో తెలియదు. బయటికి పరిగెత్తాను. మెట్ల దగ్గర లేడు. గేటు దగ్గర కాపలావాణ్ని అడిగాను. “సఫేద్ కమీజ్, హాథ్ మే ఛడీ, బుజుర్గ్...” తెల్లచొక్కా, చేతికర్ర, పెద్దాయన అని ఎంత చెప్పినా అతను తల అడ్డంగా ఊపాడు. మగవాళ్ల బాత్రూము గుమ్మం ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లందరినీ అడిగాను. పిలుద్దామంటే వినబడదు. ఆ మెట్ల మీద పడిపోతే? రోడ్డు మీదకు వెళ్లిపోతే? మళ్లీ హాల్లోకి వచ్చాను.

కింద, ముందు వైపు మూడో వరసలో తెల్లచొక్కా కనబడింది. నాన్న కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఎదురుగా సీట్లో ఒక బక్కపలచని ముసలాయన, పక్కన నా వయసు ఆవిడ. ముసలాయన్ను నేను వెంటనే గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక అక్కడే నిలబడిపోయాను.

డ్రైవరు మావయ్య.

ఆయన రాజ్‌కిశోర్ నగర్లో కొడుకు దగ్గర, ఈ ఊళ్లోనే ఉంటున్నాడని వినడమే గానీ ఎప్పుడూ ఎదురుపడలేదు. అప్పుడు నాకు అర్థమైంది, నాన్న ఎందుకంత పట్టుబట్టాడో. సినిమా అంటే మావయ్య మానడని నాన్నకు తెలుసు.

నేను మెట్లు దిగేసరికి నాన్న అడుగుతున్నాడు. “ఆవేళ నన్ను సూసేవా, లేదా?”

మావయ్య ఏదో గొణిగాడు.

“వినబళ్లేదు. గట్టిగా సెప్పు.”

నేను చెవి మిషను నాన్న చేతిలో పెట్టబోయాను. ఆయన నా వేళ్లు మడిచి, మిషను నా గుప్పిట్లోనే ఉంచేశాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

“సూసేన్రా” అన్నాడు మావయ్య, గొంతు పెంచి. “తెల్లారిపోయింది కదా. బండి వంపులో ఉంది. నువ్వు దిగి, వెనక్కెల్లి, ఎనకొచ్చే బండి గుద్దకుండా ఎర్రజెండా అట్టుకుని నిలబడ్డావు. బండి ఆగితే గార్డు సెయ్యాల్సిందదే.”

“మరి ఆళ్లతో ఏటి సెప్పేవు?”

“దిగేడా అనడిగేరు. దిగేడన్నాను. ఎందుకు దిగేడని అడగలేదు. నాను సెప్పలేదు.”

“ఎందుకు సెప్పలేదు?”

చుట్టూ నాలుగు వరసల వాళ్లు పాప్‌కార్న్ తినడం ఆపి చూస్తున్నారు. మావయ్య కోడలు కాబోలు, పక్కనావిడ, ఆయన చొక్కా పట్టుకుని లాగుతోంది. “మావయ్యగారూ, ఇంటికెళ్లి మాట్లాడుకోవచ్చు కదా.” ఆయన వినలేదు.

“సిగ్నల్ ఎప్పుడో దిగి దారిచ్చీసిందిరా గార్డూ. నాకు కునుకట్టీసింది. పావుగంట. బొగ్గేసే ఫైర్‌మన్ లేపితే గానీ లేవలేదు. ఆ పావుగంటలోనే దొంగలు వంపుకి అటుపక్క నుంచి పని కానిచ్చీసేరు. నోరిప్పితే అదంతా బయటికొస్తాదని బయ్యమేసింది. ముగ్గురు పిల్లలు.”

“నాకూ ఉంది పిల్ల” అన్నాడు నాన్న, కర్రతో నన్ను చూపించి.

మావయ్య నన్ను చూశాడు. ఆ చూపును నేను తట్టుకోలేకపోయాను. నాన్న మొహం ఎర్రబడింది. ఇప్పుడు కొడతాడా, పడిపోతాడా అని నేను ఆయన భుజం వెనక చేయి పెట్టి నిలబడ్డాను. ఇంతలో దీపాలు ఆరిపోయాయి. వెనకనుంచి ఎవరో “కూర్చోండి తాతా, కనబట్టంలేదు” అని అరిచారు. కోడలు గబుక్కున లేచింది. నాన్న ఆ సీట్లో కూలబడ్డాడు.

కోడలూ నేనూ మా వరసకు వచ్చి, నాన్న ఖాళీ చేసిన చోటా, నా చోటా కూర్చున్నాం. ఒకరినొకరం ఎరగం.

“మా మావయ్యగారికి బీపీ అండి” అంది చీకట్లో.

“మా నాన్నకీ.”

“స్టెంటు కూడా వేశారు.”

నేను సంచిలో మాత్రలు తడిమి చూసుకున్నాను. రెండో సగమంతా మేమిద్దరం తెర కింద కనిపించే ఆ రెండు తెల్లజుట్టు తలలనే చూస్తూ కూర్చున్నాం. ఒక తల కదిలితే ఆవిడ లేవబోయేది, ఇంకో తల వంగితే నేను లేవబోయేదాన్ని. గార్డూ డ్రైవరూ పోలీసులకు ఎలా దొరికారో, ఎలా బయటపడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు. చివర్లో జనం చప్పట్లు కొట్టారు.

దీపాలు వెలిగాక పరుగున కిందికి వెళ్లాం. మావయ్య కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. నాన్న లేచి నిలబడి, “లెగు. జనం ఎల్లిపోయేరు” అంటున్నాడు. ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం.

ఆటోలో నాన్న చెవికి మిషను నేనే తగిలించాను. అర్పా నది వంతెన దాటాక అన్నాడు, “ఆడు తొంగున్నాడని నాకు అప్పుడే తెలుసు.”

“ఏంటి?”

“సిగ్నల్ దిగడం నానూ సూసేను కదా. బండి కదల్లేదంటే ఏటర్థం? పచ్చజెండా ఊపేను, ఈలేసేను. లెగలేదు.”

“మరి విచారణలో ఎందుకు చెప్పలేదు?”

“జెండాకి దిగేనన్నాను, నమ్మలేదు. కునుకు సంగతి సెప్తే ఆడి ఉజ్జోగం పోయీది. నా మీద అనుమానమే, రుజువు లేదు. ఇయాల కాకపోతే రేపు తేల్తాదనుకున్నాను. ఆడే ఒచ్చి సెప్తాడని సూసేను. రాలేదు.”

“అమ్మకి తెలుసా?”

“తెలుసు. మీయమ్మే అంది, ముగ్గురు పిల్లలోడు, నీ నోటితో సెప్పకు అని.”

నేను ఆటో కడ్డీ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాను. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. వాళ్లిద్దరూ కలిసి ఒక మంచిపని చేశారు సరే, బళ్లో ఆ మాట పడింది నేను కదా. ఒకసారైనా నాతో చెప్పి ఉండవచ్చు కదా. మూడు రోజులు నాన్నతో ముభావంగానే ఉన్నాను. అన్నం పెట్టాను, మాత్రలు ఇచ్చాను, అంతే.

బుధవారం సాయంత్రం నేను బోద్రీ నుంచి వచ్చేసరికి మా గేటు బయట డ్రైవరు మావయ్య నిలబడి ఉన్నాడు. కోడలు ఆటో దగ్గరే ఆగిపోయింది. నాన్న వరండాలో కూర్చుని ఆయన్నే చూస్తున్నాడు, కానీ లోపలికి రమ్మనడం లేదు.

“ఎంతసేపైంది?” అని కోడల్ని అడిగాను.

“అరగంట. మీరొచ్చి పిలిస్తే గానీ లోపలికెళ్లనంటున్నారు.”

మావయ్య నా వైపు తిరిగాడు. “అమ్మా, ఆడికి సెప్పుకున్నాను. నీకు సెప్పుకోలేదు. నువ్వు సిన్నదానివి అప్పటికి. నీ మొహం సూసి సెప్పాలని ఒచ్చేను. తప్పు నాది.”

క్షమించానని అంటే అబద్ధమవుతుంది. పొమ్మని అనడానికీ నోరు రాలేదు. ఎండలో ఎంతసేపు నిలబెడతాను? పడిపోతే మళ్లీ అదో భయం.

“ఎండలో ఎందుకు మావయ్యా, లోపలికి రండి” అన్నాను.

ఆయన కర్ర ముందు పెట్టి జాగ్రత్తగా గేటు దాటాడు. నాన్న కుర్చీలో కొంచెం జరిగాడు, జరగాల్సిన అవసరం లేకపోయినా. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను. పొయ్యి దగ్గర నిలబడ్డానే గానీ చెవులు వరండాలోనే ఉన్నాయి. గొంతులు లేస్తాయేమోనని మంట తగ్గించి విన్నాను. తర్వాత నాన్న గొంతు వచ్చింది.

“ఆ సినిమాలో గార్డు ఈల ఏసిన తీరు సూసేవా? దానికి ఏ బండీ కదల్దు.”