అవ్వ పేరు ఎదుట సున్నా

మొన్న ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ల ఇంటి ముందు, నూలుకు పట్టించిన గంజి వాసనకు ఆగిపోయాను. మా అవ్వ గుర్తొచ్చింది. రోజూ తెల్లవారగానే మగ్గం పక్కన కళ్లు మూసుకుని, పెదవి కదపకుండా అరగంట కూర్చునేది.

శనివారాలు మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. అందరూ వంతులవారీగా పైకి ప్రార్థించాలి. తొమ్మిదేళ్ల నేను పట్టిక గీసి, ఎవరు ఎన్ని నిమిషాలు చేశారో రాసేవాణ్ణి. ఒకసారి దాన్ని కూటంలో చదివాను. అవ్వకు సున్నా. అందరూ నవ్వారు.

"నాకు మాటలు రావప్పా. ఊరికే యేసయ్య ముందర కూసుంటా," అంది అవ్వ.

"కూసుంటే ప్రార్థన ఎట్లయితాదవ్వా? నువ్వు నిద్రపోతాండావు!"

"అయితే నువ్వే నేర్పియ్యప్పా."

నాలుగు వాక్యాలు నేర్పాను. తర్వాతి శనివారం తప్పు లేకుండా అప్పజెప్పింది. పట్టికలో ఒక నిమిషం వేశాను.

ఆ తర్వాత ఉదయాల్లో కూడా అవ్వ ఆ నాలుగు వాక్యాలే గొణిగేది. మధ్యలో కళ్లు తెరిచి, ఏమైనా తప్పు పోయిందా అన్నట్టు నా వైపు చూసేది.

ఇప్పుడు ఆదోని చర్చిలో మాటల్లేకుండా కూర్చోవాలని నేనూ ప్రయత్నిస్తుంటాను. కళ్లు మూసుకోగానే అవ్వ చూసిన ఆ చూపే కనిపిస్తుంది.