తెలుగు ప్రశ్నలో లేని సంవత్సరం

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, మే నెలలో, శ్రీకాకుళంలో జరిగిన స్పాట్ వాల్యుయేషన్‌కి నన్ను ఎగ్జామినర్‌గా వేశారు. అప్పటికి ఆమదాలవలస దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. స్పాట్ అంటే జవాబు పత్రాలు మన ఇంటికి రావు, మనమే వాటి దగ్గరికి వెళ్ళి ఒక హాల్లో కూర్చుని దిద్దాలి. పత్రం మీద పేరుండదు, కోడ్ నంబరే ఉంటుంది. అయిదారుగురు ఎగ్జామినర్ల పైన ఒక చీఫ్ ఎగ్జామినర్. ఆ ఏడు మా చీఫ్ విజయనగరం నుంచి వచ్చిన సుగుణ మేడం. మనిషి నెమ్మది, రూలు దగ్గర మాత్రం ఎవరినీ ఎరగరు.

హాల్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ అమెరికా చరిత్ర ప్రశ్నపత్రాన్ని తెలుగు చేసింది నేనే. ఇంగ్లీషులో ఎవరో తయారుచేస్తారు, తెలుగు మీడియం వాళ్ళకు వేరే కాగితం అచ్చవుతుంది. అనువాదకుడి పేరు రహస్యం. ఏటా ఆ పని నాకే వస్తోందని లోలోపల గర్వం కూడా ఉండేది. మిగతావాళ్ళ తెలుగు డిక్షనరీ కక్కినట్టు ఉంటుందనీ, నాది పిల్లలకు అర్థమవుతుందనీ నా నమ్మకం.

'1812 యుద్ధంలో మేరీలాండ్ రాష్ట్రం పాత్రను అంచనా వేయండి' అన్నది ఇంగ్లీషు కాగితంలోని పదిహేను మార్కుల ప్రశ్న. జవాబులో ఏయే అంశాలుండాలో, దేనికెన్ని మార్కులో రాసిన కాగితాన్ని స్కీమ్ అంటాం. స్కీమ్ ప్రకారం బ్రిటిష్ ఓడలు చెసపీక్ అఖాతంలోకి వచ్చి ఊళ్ళు తగలబెట్టడం, స్థానిక దళాలు నిలవలేక రాజధానికి దారి వదిలేయడం, ఆ తర్వాత బాల్టిమోర్ వాళ్ళు రేవుకు అడ్డంగా సొంత ఓడలనే ముంచి ఊరిని కాపాడుకోవడం రావాలి. ఈ ఓడల సంగతి చెప్పినప్పుడల్లా క్లాసులో సముద్రపొడ్డునున్న కళింగపట్నం పిల్లలు నమ్మేవారు కాదు. సొంత పడవని ఎవడైనా ముంచుకుంటాడా మాస్టారూ అని నాతో వాదించేవారు.

రెండో రోజు పొద్దున్న తెలుగు మీడియం కట్టలు విప్పాం. నా చేతికొచ్చిన మొదటి పత్రంలో ఇవేవీ లేవు. అంతా 1776 నాటి స్వాతంత్ర్య యుద్ధం. లాంగ్ ఐలండ్‌లో వెనక్కి తగ్గుతున్న సైన్యాన్ని మేరీలాండ్ సైనికులు ప్రాణాలొడ్డి కాపాడిన వైనం. బాగానే రాశారు, కానీ యుద్ధం వేరు. సున్నా వేశాను. తర్వాతి పత్రమూ అంతే. ఆ తర్వాతిదీ అంతే.

పక్క బల్ల దగ్గర కోటబొమ్మాళి నుంచి వచ్చిన లెక్చరర్ అప్పలనాయుడు గారు పెన్ను పడేశారు. "ఏటి మాస్టారూ, తెలుగు మీడియం పిల్లలందరికీ ఒక్కపాలే మతి పోనాదేటి? సున్నాలు ఎట్టలేక సస్తన్నాను."

అప్పుడు తెలుగు ప్రశ్నపత్రం తీసి చూశాను. 'బ్రిటన్‌తో జరిగిన యుద్ధంలో మేరీలాండ్ రాష్ట్రం పాత్రను అంచనా వేయండి' అని ఉంది. ముమ్మాటికీ నా వాక్యమే. '1812 యుద్ధం' అంటే పొడిపొడిగా ఉందని, ఎవరితో యుద్ధమో చెబితే పిల్లలకు తేలికని నేనే మార్చాను. ఆ మార్పులో సంవత్సరం ఎగిరిపోయింది. అమెరికా బ్రిటన్‌తో రెండుసార్లు యుద్ధం చేసిందని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి! పదిహేను మార్కులు పోతే అంచు మీదున్న పిల్లలంతా తప్పుతారు.

నోరు విప్పేలోపే అప్పలనాయుడు గారు ఇంకో పత్రం నా ముందుకు తోశారు. జవాబుకు పైన నాలుగు వాక్యాలున్నాయి. "అయ్యా, ప్రశ్నలో ఏ యుద్ధమో చెప్పలేదు. నేను రెండూ చదివాను. రెండూ రాసే టైము లేదు కాబట్టి మొదటిది రాస్తున్నాను. తప్పయితే మన్నించండి."

జవాబు పత్రంలో దిద్దేవాళ్ళకు విన్నపం రాస్తే మాల్‌ప్రాక్టీసు కింద లెక్క. దేవుడి పేరు చెప్పి బతిమాలినా, ఇలా మర్యాదగా అడిగినా రూలు ఒకటే. అలాంటి పత్రాన్ని చీఫ్‌కి అప్పగించాలి. ఆవిడ రిజిస్టర్‌లో ఎక్కించి, సీలు కవరులో యూనివర్సిటీ కమిటీకి పంపుతారు. కమిటీ ఆ ఒక్క పేపరే రద్దు చేయవచ్చు, ఆ ఏడాది రాసినవన్నీ కూడా రద్దు చేయవచ్చు.

"పాపం, అడిగింది నాయమే. సూసి సూడనట్టు ఒగ్గేస్తే రేపు నా పీకకి సుట్టుకుంటాది. ఏటి సేద్దాం మాస్టారూ?" అన్నారాయన.

రూలు ప్రకారం చేసేయండి అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆయన లేచి వెళ్ళి పత్రం మేడం బల్ల మీద పెట్టి వచ్చారు.

అసలు సంగతి భయం. రిటైర్మెంటు ముందు ఛార్జ్ మెమో వస్తే పెన్షన్‌కే ఎసరని మా సర్వీసులో అందరికీ తెలుసు. పైగా అనువాదకుడి పేరు బయటికి రాదు, నోరు మూసుకుంటే గండం గడుస్తుంది. భాషల మధ్య తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే ప్రమాణం అని రూల్సులో ఒక వాక్యం ఉంది. దాన్ని పట్టుకుని ఒంటిగంట దాకా వేలాడాను. కానీ ఇంగ్లీషు కాగితం ఆ పిల్లల కంటపడనే లేదు. క్యాంటీన్‌లో భోజనం సగంలో వదిలేసి లేచాను.

రెండు గంటలకు మేడం దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఈ మాట పొద్దున్నే చెప్పాల్సింది మాస్టారూ అన్నారు. నా చేత స్టేట్‌మెంట్ రాయించుకుని యూనివర్సిటీకి ఫోన్ చేశారు. సాయంత్రానికి ఆదేశం వచ్చింది. తెలుగు మీడియం పత్రాల్లో ఏ యుద్ధం గురించి రాసినా మార్కులివ్వాలి, దిద్దినవి మళ్ళీ దిద్దాలి. ప్రాణం లేచి వచ్చింది.

అప్పలనాయుడు గారు ఇచ్చిన ఆ పత్రం కూడా వెనక్కి తీస్తారా అని అడిగాను. మేడం రిజిస్టర్ నా వైపు తిప్పారు. కవరు భోజనాల వేళకే యూనివర్సిటీ వ్యానులో వెళ్ళిపోయింది. ఇక అది తన చేతిలో లేదన్నారు.

కోడ్ నంబరు వేసి, తప్పు నాదేనని కమిటీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. కమిటీ నిర్ణయాలు ఎగ్జామినర్లకు చెప్పే పద్ధతి లేదు. ఆ పిల్లో పిల్లాడో ఏమయ్యారో ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం మెమో వచ్చింది, పరీక్షల పనుల నుంచి తీసేశారు. అందులో అన్యాయం ఏమీ లేదు.

తర్వాత ప్రశ్నలు తెలుగు చేసేవాళ్ళకు ఒకటే చెబుతూ వచ్చాను. తెలుగు చేసిన ప్రశ్నను, ఇంగ్లీషు ప్రశ్న చూడనివాళ్ళ చేత ఒకసారి చదివించండి అని. ఇది పని గురించిన పాఠం. రెండోది నా గురించి. ఆ రోజు ఎందరో పిల్లలకు పోయిన మార్కులు తిరిగొచ్చాయి. నా తప్పును కనిపెట్టి అడిగిన ఒక్కరి పత్రం మాత్రం సీలు కవరులో వెళ్ళిపోయింది. నేను తప్పు ఒప్పుకున్న మాట నిజమే. భోజనాలయ్యాక ఒప్పుకున్నాను.