మా వెనక గేటు మూయించింది నేనే

టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి, పర్లేదు. "అయ్యో పాపం" అని మాత్రం అనకండి. ఆ మాట మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అనేశారు. అని, తలుపేసుకున్నారు.

నార్సింగిలో మా అపార్ట్‌మెంట్‌కి వెనకవైపు ఒక చిన్న గేటుండేది, చూసే ఉంటారు. దాన్ని మూసేద్దామని అసోసియేషన్ వాళ్లు అంటుంటే, మూయొద్దని పోట్లాడ్డానికి మీటింగుకి వెళ్లాను. మూయించి వచ్చాను!

ఆ గేటు సంగతి ముందు చెప్పాలి. మా మెయిన్ గేటు సర్వీస్ రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. ఆ రోడ్డు నిండా టిప్పర్లు, వాటర్ ట్యాంకర్లు, రాయదుర్గం ఆఫీసులకి పరిగెత్తే క్యాబులు. ఫుట్‌పాత్ అనేది బిల్డర్ ఇచ్చిన బ్రోషర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అదే వెనక గేటు తీస్తే పాత ఊరు. సందులో కూరగాయల బండి, పాల బూత్, కాస్త ముందుకెళ్తే బస్టాప్. మా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లంతా ఆ గేటులోంచే వచ్చేవాళ్లు. మా యాదమ్మ కూడా.

యాదమ్మది ఆ ఊరే. "గిప్పుడు మీ బిల్డింగున్న కాడ మా మామ జొన్న ఏసేటోడమ్మా" అని ఒకసారి మా బాల్కనీలో నిలబడి చూపించింది. గిన్నెలు తోముతూనే చూపించిందనుకోండి. మేం గృహప్రవేశం చేసుకున్న దగ్గర్నించీ మా ఇంట్లో ఆమే. ఈమధ్య మోకాలు నొప్పి. అయినా గేటు దగ్గరే కాబట్టి మెల్లగా వచ్చేసేది.

ఇంతకీ గేటు మూయాలన్న గొడవ ఎలా మొదలైందంటే, మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన సైకిల్ పోయింది. మామూలు సైకిల్ కాదు, హెల్మెట్ పెట్టుకుని, టైట్ బట్టలు వేసుకుని తొక్కుతారే, ఆ రకం. వాట్సాప్ గ్రూపులో పెద్ద గోల. "వెనక గేటు వల్లే! ఎవరు పడితే వాళ్లు వస్తున్నారు!" సాయంత్రానికి సైకిల్ దొరికింది. పక్క బ్లాకు సెల్లార్‌లో ఆయనే పెట్టుకుని మర్చిపోయాడు. సారీ చెప్పాడా? థంబ్స్ అప్ బొమ్మ పెట్టాడు.

సరే, సైకిల్ దొరికింది కదా, గొడవ అయిపోయిందనుకున్నాం. కానీ ఈలోపు "వెనక గేటు మూసివేత" అని మీటింగు అజెండాలో ఎక్కేసింది. మా సెక్రటరీ ప్రభాకర్ గారు సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రిటైరయ్యారని ఆఫీసు వాళ్లు అనుకుంటున్నారు, ఆయన అనుకోవట్లేదు. లిఫ్టులో కనిపిస్తే అడిగాను.

"సర్, సైకిల్ దొరికిందిగా, ఇంకా ఆ ఐటమ్ ఎందుకు?"

"దొరికిందమ్మా, నిజమే. కానీ అజెండా సర్క్యులేట్ అయిపోయింది. ఇప్పుడు తీసేస్తే ప్రొసీజర్ ఒప్పుకోదు."

శనివారం పొద్దున యాదమ్మ చీపురు పక్కన పెట్టి నా దగ్గరకొచ్చింది.

"అమ్మా, ఎన్క గేటు బంద్ చేస్తరంటనే? గట్లయితే గా పెద్ద రోడ్డు ఎంబడి తిరిగి రావాలె. లారీలు మీదికొస్తయ్. ఈ మోకాలుతోని నాతోనిగాదు. మీరైనా జర మీటింగుల చెప్పుండ్రి."

"నువ్వు ఫికర్ చెయ్యకు యాదమ్మా. నేనున్నాను కదా!"

ఆ "నేనున్నాను కదా" ఎంత స్టైల్‌గా అన్నానో తెలుసా? ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆదివారం మీటింగు. అదే రోజు మా ఆఫీసులో రిలీజ్. మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ లైవ్‌లోకి వెళ్తోంది, టెస్టింగ్ లీడ్‌ని కాబట్టి చివర్లో నేను ఓకే చెప్పాలి. పొద్దున్నించీ అందరూ కాల్‌లోనే ఉన్నారు. మా ఆయన మురళి ముందే చెప్పాడు. "సుధా, మీటింగో, కాలో, ఏదో ఒకటి చూసుకో."

"రెండూ చూసుకుంటాను. ఒక్క చెవి చాలు నాకు" అన్నాను. ఎడం చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని, దాని మీదికి జుట్టు లాక్కుని, క్లబ్‌హౌస్‌లో ముందు వరసలో కూర్చున్నాను. ముందు వరస ఎందుకంటే, గట్టిగా మాట్లాడాలిగా మరి!

మొదట కోరం లేదన్నారు, రావాల్సినంత మంది రాలేదట. కోరం లేదు కాబట్టి మీటింగు అరగంట వాయిదా. ఆ అరగంటా అందరం ఉప్మా తిన్నాం. తర్వాత మళ్లీ ఆ మనుషులమే, ఆ కుర్చీల్లోనే కూర్చున్నాం. వాయిదా పడ్డ మీటింగుకి కోరం అక్కర్లేదట! తర్వాత బయటి గోడలకి ఐవరీ వెయ్యాలా, క్రీమ్ వెయ్యాలా అని చర్చ. ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లారు. ఆ రెండు రంగుల షేడ్ కార్డులూ పక్కపక్కన పెడితే ఏది ఏదో వాళ్లకే తెలియలేదు. తర్వాత లిఫ్టులో కుక్కల్ని ఎక్కించొచ్చా లేదా అని. గేటు సంగతి వచ్చేసరికి సగం మంది కారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. ఆదివారం కదా, బిర్యానీ ఆర్డర్లు దారిలో ఉన్నాయి.

సైకిలాయన లేచి సెక్యూరిటీ గురించి మాట్లాడాడు. దొరికిన సైకిల్ గురించి ఎంత ఆవేదనగా మాట్లాడాడంటే, నాకే కళ్లు చెమర్చినంత పనైంది. అదే టైముకి నా చెవిలో ఆఫీసు కాల్ వేడెక్కింది. ఫోను చున్నీ కింద పెట్టుకుని, తల వంచుకుని, అన్‌మ్యూట్ బటన్ కోసం వెతుక్కుంటున్నాను.

ప్రభాకర్ గారు నన్నడిగారట. "సుధ గారు మాట్లాడతానన్నారు. చెప్పండమ్మా, గేటుని ఏం చేద్దాం?"

నాకది వినబడలేదు. నాకు వినబడింది మా మేనేజర్ గొంతు. "సుధా, ఆ లాస్ట్ ఇష్యూ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. క్లోజ్ చెయ్యమంటావా?"

బటన్ దొరికింది. తలెత్తి, హాలంతా మార్మోగేలా అన్నాను.

"క్లోజ్ చేసెయ్యండి! ఇంకా ఓపెన్‌గా ఎందుకుంచారసలు? నిన్ననే క్లోజ్ చెయ్యాల్సింది! నా వైపు నుంచి ఏ అబ్జెక్షనూ లేదు!"

సైకిలాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ వెనక ఇంకొందరు. చుట్టూ చూస్తే అందరూ నా వైపే తిరిగి నవ్వుతున్నారు. ఏదో మంచి పని జరిగినట్టుంది, మనం ఒక్కరం కొట్టకపోతే బాగోదని నేనూ కొట్టాను. నిజం! నా ఉరికి నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

"వెరీ గుడ్. ప్రపోజ్డ్ బై సుధ గారు. తీర్మానం పాస్డ్" అన్నారు ప్రభాకర్ గారు.

అప్పుడు లాగాను ఇయర్‌బడ్.

"సర్, సర్! ఏం పాసైంది? నేను ఆఫీసు వాళ్లతో మాట్లాడుతున్నాను!"

"ఆఫీసు వాళ్లకి మన గేటుతో ఏం పనమ్మా?"

హాలంతా గొల్లున నవ్వింది.

"అది కాదు సర్, నేను గేటు మూయడానికి వ్యతిరేకం!"

"అది చర్చలో చెప్పాలమ్మా. చర్చ అయిపోయింది. మీతోనే అయిపోయింది."

"మినిట్స్ ఇంకా రాయలేదుగా సర్!"

"మనసులో రాసేసుకున్నాను" అని ఆయన లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి, జనం బిర్యానీల వైపు కదిలారు. ఇంటికొచ్చి చెబితే మురళి సోఫాలో పడి దొర్లాడు. కాసేపటికి తేరుకుని, "ఇంతకీ మీ రిలీజ్ ఏమైంది?" అని అడిగాడు.

"సక్సెస్."

మా లిఫ్టులో బల్బు పోతే మార్చడానికి నెలలు పడుతుంది. గేటుకి మాత్రం ఆ సాయంత్రానికే గొలుసు, తాళం పడ్డాయి.

సోమవారం యాదమ్మ ఆలస్యంగా వచ్చింది. చీర అంచు నిండా ఎర్ర దుమ్ము. వంటింటి గుమ్మంలో కూర్చుని మోకాలు పట్టుకుంది.

"మీరే బంద్ చెయ్యమన్నరంట గదమ్మా. వాచ్‌మన్ చెప్పిండు."

ఇయర్‌బడ్ తెచ్చి అరచేతిలో పెట్టి చూపించాను. ఆఫీసు, రిలీజ్, ఇష్యూ, మేనేజర్... చెబుతున్న కొద్దీ నాకే అబద్ధంలా వినిపించింది.

"అంటే, చెవుల అడిగినోళ్లకు జవాబు చెప్పిండ్రు, ముంగట కూసున్నోళ్లు అడిగింది ఇనలే."

"అవును యాదమ్మా."

"మరి గిదే పోయి ఆళ్లకు చెప్పుండ్రి."

వెళ్లాను. స్పెషల్ మీటింగు పెట్టాలంటే ఓనర్ల సంతకాలు తేవాలన్నారు ప్రభాకర్ గారు. సరేనని మొదటి సంతకం నేనే పెట్టబోయాను. ఆయన పెన్ను పట్టుకుని ఆపారు.

"ఫ్లాట్ కాగితాల్లో మొదటి పేరు మీవారిదమ్మా. సంతకం ఆయనే పెట్టాలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నా ప్రపోజల్ కూడా చెల్లదుగా సర్!"

"అది హౌస్ మొత్తం చప్పట్లు కొట్టి ఒప్పుకుంది కాబట్టి చెల్లింది."

మురళి సంతకం పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ఎదురింటావిడ కాఫీ ఇచ్చింది.

"అయ్యో పాపం! నిజానికి నేనూ మూయొద్దనే అనుకున్నానండి. మా పనమ్మాయి కూడా అటునించే వస్తుంది. కానీ మీరంత గట్టిగా చెప్పేసరికి, మీకేదో తెలిసుంటుందిలే అని ఊరుకున్నాను."

"అయితే సంతకం పెట్టండి మరి!"

"మా ఆయన్ని అడిగి చెప్తానండి."

పై ఫ్లోర్ ఆయనా అంతే. "నేనూ వద్దనే అనుకున్నాను. కానీ మూయమన్నదీ మీరే, తెరవమంటున్నదీ మీరే. ఇట్లైతే ఎట్ల మేడం? అసోసియేషన్‌కి ఒక ఇజ్జత్ ఉండాలి గదా!" ఏ తలుపు కొట్టినా ఇదే వరస. విచిత్రం చూడండి, ఆ గేటు మూయాలని సైకిలాయన తప్ప ఎవరూ అనుకోలేదు. అందరూ నన్ను చూసి ఊరుకున్నారు. చివరికి ఆ కాగితం మీద మా ఆయన సంతకం ఒక్కటే మిగిలింది.

అయినా నా పోరు పడలేక కమిటీ ఒక మెట్టు దిగింది. గేటుకి మొహం చూసి తెరుచుకునే మెషిన్ పెట్టించారు. రెసిడెంట్లకి మాత్రమే. అంటే నేను కొత్తిమీరకి వెళ్లొచ్చు, యాదమ్మ పనికి రాకూడదు. ఒకరోజు నేనే వెళ్లి, నా మొహం చూపించి, తలుపు పట్టుకుని యాదమ్మని రమ్మన్నాను. కుయ్యోమని సైరన్! వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, మేడం! ఒక మొహానికి ఒక్కరే!"

"నేను తీసుకొస్తున్నానయ్యా!"

"నా నౌకరీ పోతది మేడం. సెక్రటరీ సార్ కెమెరాల చూస్తుంటడు."

యాదమ్మ గేటు అవతలే ఆగిపోయింది. "పోండ్రి అమ్మా, నేను తిరిగొస్త" అంది. నేను లోపల, ఆమె బయట. మధ్యలో ఆ తలుపు దానంతటదే మూసుకుంది.

తర్వాతి వారం సర్వీస్ రోడ్డు మీద యాదమ్మ ట్యాంకర్‌ని తప్పించుకోబోయి పక్కనున్న కాలవలో పడింది. ఎముక విరగలేదు, ఉన్న మోకాలే ఇంకా వాచింది. వాళ్లింటికి వెళ్లాను. కాలు చాపుకుని మంచం మీద కూర్చుని ఉంది. దవాఖానకి నేను తీసుకెళ్తానంటే, "పోయొచ్చినమమ్మా, బిడ్డ తోల్కపోయింది" అంది.

"నా మీద కోపమా యాదమ్మా?"

"కోపమేంది అమ్మా, ఏం లేదు" అంది టీవీ వైపు చూస్తూ. టీవీ ఆన్‌లో లేదు.

నయమయ్యాక మా ఇంటికి రాలేదు. సందుకి అవతల ఇంకో అపార్ట్‌మెంట్ ఉంది, వాళ్ల వెనక గేటుకి ఇంకా తాళం పడలేదు. అక్కడ చేరింది. కూరగాయల బండి దగ్గర కనబడితే "మంచిగున్నరా అమ్మా" అంటుంది. అంతే, ఇంకో మాట ఉండదు. ఇదివరకు ఆమె నోరు మూయించడం నా వల్ల అయ్యేది కాదు.

ఇక మొన్న జెండా పండగ. జెండా ఎగరేశారు, పాట పాడారు. ప్రభాకర్ గారు మైకు తీసుకున్నారు. "మన సెక్యూరిటీ విషయంలో అందరూ మొహమాటపడుతుంటే, ధైర్యంగా ముందుకొచ్చి తీర్మానం ప్రవేశపెట్టిన సుధ గారికి కమిటీ తరఫున చిన్న సన్మానం!"

శాలువా కప్పారు. పూలగుత్తి ఇచ్చారు. సైకిలాయన అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు. వేదిక దగ్గరికి వెళ్తూనే మురళి చెవిలో చెప్పాను. "చూడు, ఇవాళ మైకులో కడిగేస్తాను. ఇది పొరపాటున జరిగింది, దీనివల్ల ఒక మనిషి కాలవలో పడింది, ముందు ఆ గేటు తెరవండి అంటాను."

మైకు నా చేతికొచ్చింది. ఎదురుగా అందరూ. ఎండ మాడ్చేస్తోంది. లడ్డూల ట్రేలు అప్పుడే బయటికొస్తున్నాయి. ఎదురింటావిడ నవ్వుతూ చెయ్యి ఊపింది. ఫొటో తీసేవాడు "మేడం, ఇటు చూడండి, కొంచెం నవ్వండి" అన్నాడు.

నవ్వాను. నవ్వి, "థాంక్యూ" అన్నాను.

అంతే. మైకు ఇచ్చేసి దిగొచ్చాను. మురళి లడ్డూ తింటూ అడిగాడు. "కడిగేస్తానన్నావు?"

అందరి ముందూ నేను అన్నది ఆ ఒక్క ముక్కే. మైకు మంచిదట, చివరి వరస దాకా స్పష్టంగా వినబడిందట.