డ్రిల్లు మాస్టారి మారుబేరం

రిటైరైన డ్రిల్లు మాస్టారి చొక్కా జేబు ఎప్పుడూ బిస్కెట్లతో ఉబ్బి ఉంటుంది. ఇంట్లో పెంచుకుంటున్న కుక్కపిల్ల చెప్పు కొరుకుతుంటే ఆయన కసరరు, లాక్కోరు. బిస్కెట్టు చూపించి, మైదానంలో అరిచిన గొంతుతో "వదిలెయ్!" అంటారు. అది వదిలేస్తుంది. బిస్కెట్టు నమిలేసి, మరుక్షణం ఇంకో చెప్పు పట్టుకొస్తుంది. ఈమధ్య కొరకడం కూడా మానేసింది. చెప్పు నోట కరుచుకుని ఎదురుగా నిలబడుతుందంతే.

"మీరు దానికి నేర్పారా, అది మీకు నేర్పిందా?" అని భార్య దెప్పితే, "చెప్పు మీద ఒక్క పంటిగాటు చూపించవే!" అని మీసం దువ్వుతారు.

నిన్న మధ్యాహ్నం ఆవిడ ఫోన్లో చెల్లెలితో కబుర్లలో పడి భోజనం సంగతే మరిచింది. మాస్టారు దగ్గి చూశారు, లాభం లేకపోయింది. చివరికి ఆవిడ కొత్త చెప్పొకటి పట్టుకుని ఆయనే ఎదురుగా నిలబడ్డారు. ఆవిడ కబుర్లు ఆపకుండానే, ఆయన జేబులోంచే ఒక బిస్కెట్టు తీసి చూపించింది.

"వదిలెయ్!"