నల్లోడిని చూడబోయిన శుక్రవారం

చేప మీద కుళ్ళుకోవడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కువైట్‌లో నేనుండే ఫహాహీల్ నుంచి ముబారక్ అల్ కబీర్ వెళ్ళింది దాని మొహం చూడడానికే.

నా భార్య లక్షుమ్మ అక్కడ ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. వరసకు నేను ఆమెకు మేనమామను. మా రాజంపేటలో మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను "మామా" అనే పిలిచింది. ఇక్కడేమో ఇంటావిడను కూడా పనివాళ్ళు మామా అంటారు. ఫోన్‌లో నన్ను అలా పిలిస్తే ఆవిడ తననే అనుకుని వచ్చేస్తోందని, లక్షుమ్మ నన్ను పిలవడమే మానేసింది. పోనీలే అనుకుంటే, మాట్లాడేదంతా ఆ ఇంటి చేప గురించే. నల్లోడు తిన్నాడు, నల్లోడు అలిగాడు. నేను తిన్నానా అని అడిగి ఎన్నాళ్ళయిందో.

శుక్రవారం ఉదయం తొమ్మిదికి సముద్రం పక్క రోడ్డులో వెళ్ళే బస్సెక్కాను. ఎండ ముదరకముందే బయలుదేరడం మంచిది, కిటికీ సీటు దొరుకుతుంది. పక్కన కూర్చున్న అమలాపురం ఆయన నా సంగతి విని, "చేపంటే పులుసెట్టుకోవాలి గానీ, పోటీ ఎట్టుకుంటారేటండీ" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. దిగాక చాలా దూరం నడవాలి, నీళ్ళ సీసా తప్పనిసరి.

వెనక వాకిట్లో నిలబడగానే లోపలి నుంచి "మామా" అని లక్షుమ్మ గొంతు వినిపించింది. "ఆ, వస్తాండా" అన్నాను. తలుపు తీసింది ఇంటావిడ. పిలిచింది ఆవిడనట. సిగ్గుతో చచ్చాను. చేప కోసం వచ్చానని లక్షుమ్మ చెబితే, చూసి పొమ్మని ఆవిడే లోపలికి పంపింది.

మగవాళ్ళు నమాజుకు వెళ్ళడంతో వాళ్ళు కూర్చునే గది ఖాళీగా ఉంది. పరదాలు వేసి చీకటి చేసిన ఆ గదిలో మంచమంత అద్దాల తొట్టి. అడుగున మెత్తటి ఇసుక, చెట్ల వేళ్ళు, ఎండుటాకులు, చేప దూరడానికి ఒక గొట్టం. ఆకుల రంగు దిగి నీళ్ళు టీ డికాషన్‌లా ఉన్నాయి.

"దీని ఊరు అమెజాన్ నదంట. ఆడ కూడా ఇట్లనే ఉంటాదంట," అంది లక్షుమ్మ గుసగుసగా. "పగలంతా వేళ్ళ సందులో పండుకుని రాత్రిపూట తిరుగుతాది. కండ్లు సరిగా కనపడవు. ఒంట్లోనుంచి సన్న కరెంటు ఇడుస్తాది, ఏది అడ్డమొచ్చినా దాంతోనే తెలుసుకుంటాది."

"షాక్ కొడతాదా?"

"అంత ల్యా. మన చేతికే తెలీదు."

ఆమె నీళ్ళలో చెయ్యి పెట్టింది. గొట్టంలోంచి కత్తిలాంటి నల్లటి చేప, తోక మీద రెండు తెల్ల పట్టీలతో, వెనక్కి వెనక్కి ఈదుతూ వచ్చింది. పొట్ట కింద పొడుగాటి రెక్క చీర కుచ్చిళ్ళలా కదులుతోంది. ఆమె వేళ్ళ చుట్టూ తిరిగి, అరచేతిలోని రొయ్య ముక్క తిని, అక్కడే ఒరిగింది. ఆ చేతి ముద్ద నేను తిని ఏడాది దాటింది. నేను చెయ్యి పెట్టగానే గొట్టంలో దూరింది.

"కొత్త చెయ్యి కదా," అంది.

"నేను కొత్తోడినా?" అన్నాను. అంతలో బయట కారు చప్పుడైంది. ఇంటావిడ "యల్లా" అని తొందరపెట్టింది.

గేటు దాటుతుండగా వెనక నుంచి "మామా, మామా" అని లక్షుమ్మ పిలిచింది. మళ్ళీ నవ్వులపాలవడం ఎందుకని తిరిగి చూడకుండా నడిచాను.

ఒంటిగంట బస్సులో కూర్చున్నాక ఫోన్ మోగింది.

"పిలుస్తాంటే పలకవేంది? నిన్నే పిలిచింది. నీకని ఓళిగలు చేసి పెట్టినా. డబ్బా పట్టుకుని గేటు దాకా వస్తి."

కిటికీలోంచి వెనక్కి చూశాను.

"ఇప్పుడీటిని ఎవరు తినాల, మామా?"

ఈసారి ఆ పిలుపు నాకేనని తెలుస్తూనే ఉంది. అయినా నా పాడు నోరు ఊరుకోలేదు.

"నల్లోడికే పెట్టుకో."

ఆమె ఫోన్ పెట్టేసింది.

అటు నుంచి ఫహాహీల్ తిరిగొచ్చేవారికి ఒంటిగంట బస్సు మంచిది, సీట్లు ఖాళీగా ఉంటాయి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మాత్రం ఒకసారి తిరిగి చూడండి.