హైమా దారిలో ఒంటికొమ్ము పందెం

నాకు ఒక జబ్బుంది. ఎవరైనా తప్పు మాట్లాడితే దిద్దకుండా ఉండలేను. పెళ్ళి భోజనాల్లో పక్కవాడు పనసపొట్టు కూరని పట్టుకుని క్యాబేజీ అన్నా సరే, ముద్ద దిగదు నాకు. మస్కట్‌లో ఖురం అనే పేటలో ఉన్న మా కంపెనీ ఆఫీసులో నా పని కూడా అందుకు తగినదే. డ్రైవర్ల వీసాలు, లైసెన్సులు, ముల్కియా అనే బండ్ల రిజిస్ట్రేషన్ కార్డులు, వాటి గడువులు చూడటం. పదకొండేళ్ళలో ఒక్క కాగితం గడువు దాటనివ్వలేదని గొప్పలు చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవటం మానేశాను. ఎందుకో చెప్తాను.

మేమంతా భాయ్ అని పిలిచే ఆయన మా కంపెనీలో ట్రైలర్ డ్రైవరు. కడప మనిషి. ఇంట్లో దక్కనీ, బయట కడప తెలుగు, ట్రాఫిక్ పోలీసుతో అరబ్బీ. దేశానికి దక్షిణ కొసనున్న రైసూత్ పోర్టులో లోడెత్తుకుని మస్కట్‌లో దించటం, మళ్ళీ ఖాళీ బండితో రైసూత్ పోవటం, ఇరవై రెండేళ్ళుగా అదే డ్యూటీ. మధ్యలో వెయ్యి కిలోమీటర్ల ఎడారి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడైనా నన్ను ‘సారూ’ అనేవాడు. ఆ పిలుపులో మర్యాద కంటే వెక్కిరింత పాలే ఎక్కువ.

రెండేళ్ళ కిందట లైసెన్సు రెన్యువల్‌కి పంపిస్తే కంటి పరీక్ష దగ్గర ఆపేశారు. షుగరు. కంటి వెనక నరాలు చిట్లుతున్నాయట. కుడికన్ను దాదాపు పోయింది, ఎడమది ఇంకా పనిచేస్తోంది, ఎన్నాళ్ళు చేస్తుందో చెప్పలేమన్నాడు డాక్టరు. స్టీరింగ్ తీసేసుకుని కంపెనీ ఆయన్ని మస్కట్ గోడౌన్‌లో గేటు రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టింది. ఆ కాగితాల మీద సంతకం పెట్టటానికి నా టేబుల్ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఏడవలేదు, తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ‘‘సారూ, నువ్వు ప్లాన్లు బాగా ఏస్తావంట గదా. నాకొకటి ఏసిపెట్టు’’ అన్నాడు.

‘‘ఎక్కడికి భాయ్?’’

‘‘హైమాకి.’’

నేను నవ్వాను. ఆ ఊరి మీదుగా కొన్ని వేలసార్లు పోయుంటాడు. అదే అన్నాను.

‘‘పోయినా. చూసిందెప్పుడు? బండి ఐదు నిమిషాలు ఆగితే ఆఫీసు నుంచి ఫోను, ఎందుకాగినావని. ఇరవై రెండేండ్లు నేను చూసింది నల్లగీత సారూ. దాని పక్కన ఏముండాదో నాకు తెల్దు.’’

అప్పుడు చెప్పాడు ఆ జంతువు సంగతి. ఎన్నో ఏళ్ళ కిందట ఒక తెల్లవారుజామున హైమా దాటాక రోడ్డుకి పక్కగా ఒక జంతువు నిలబడి ఉందట. ఒళ్ళంతా తెలుపు, కాళ్ళు నలుపు, తల మీద కత్తిలాంటి పొడుగాటి కొమ్ము. ఒక్కటే కొమ్ము. వెనక లోడు, ముందు టైము. ఆపలేదు. అద్దంలో చూస్తే ఇంకా అక్కడే ఉందట. రూమ్‌లో చెప్తే అందరూ పగలబడి నవ్వారు. ‘నిద్రలో డ్రైవింగ్ చేస్తాండావు భాయ్’ అన్నారట.

‘‘అది ఓరిక్స్ భాయ్, ఎడారి జింక. అరబ్బులు మహా అంటారు. దానికి రెండు కొమ్ములుంటాయి. పక్కనుంచి చూస్తే ఒకటి వెనక ఇంకొకటి దాక్కుంటుంది.’’ నా జబ్బు ఊరుకుంటుందా!

‘‘ఒక్కటే.’’

‘‘రెండు.’’

‘‘పందెం కాస్తావా?’’

మటన్ బిర్యానీ పందెం. ఓడినవాడు వండి పెట్టాలి. హైమా దగ్గరి అభయారణ్యంలో వాటిని కాపాడుతున్నారని, అనుమతి తీసుకుంటే వెళ్ళి చూడొచ్చని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ‘‘ఈ కన్ను ఉండంగానే పోదాం సారూ’’ అన్నాడు. చూపుడువేలుతో ఎడమకన్ను కింద తట్టుకున్నాడు. ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. విన్లేదని అబద్ధం చెప్పి తప్పించుకునే దారి కూడా నాకు లేదు.

ఇక ప్లాన్ మొదలుపెట్టాను. అదే నా కొంప ముంచింది. ఎలాగూ కారు తీస్తున్నాం, హైమా ఒక్కటే ఎందుకు, ఎడారి అంతా చూపిద్దాం అనుకున్నాను. మొదటిరోజు వహీబా ఇసుక తిన్నెలు. రెండోరోజు సముద్రం ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెట్టే రక్షిత తీరం. మూడోరోజు ఖలూఫ్ దగ్గర తెల్ల ఇసుక. నాలుగోరోజు హైమా అభయారణ్యం, అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి. ఏ పెట్రోలు పంపు ఎంత దూరం, ఎక్కడ ఫోను సిగ్నల్ ఉండదు, టైర్లలో గాలి ఎక్కడ తగ్గించాలి, నీళ్ళు ఎన్ని కేసులు, అన్నీ కంప్యూటర్లో గళ్ళు గీసి నింపాను. ప్రతి శుక్రవారం భాయ్ నమాజు అయ్యాక మా రూమ్‌కి వచ్చేవాడు. కరక్ చాయ్ తాగుతూ ఆ గళ్ళన్నీ చదివి వినిపించమనేవాడు. నేను చదువుతుంటే, ‘‘ఆ పంపులో నీళ్ళు బాగుండవు, దాని తర్వాత దాంట్లో పట్టుకో’’ అని ఆయనా దిద్దేవాడు. నిజం చెప్పాలంటే ఆ శుక్రవారాలు నాకు ప్రయాణం కంటే ఎక్కువ ఇష్టంగా ఉండేవి. ఆలస్యం అవుతున్నా నాకు నొప్పి తెలియకపోవటానికి అదొక కారణం.

నవంబరులో ఇక్కడి జాతీయ దినం సెలవులొచ్చాయి. అనుమతి కాగితం చేతికి రాలేదు, కారుకి టైర్లు మార్పించాలి అని ఆపాను. ‘‘రంజాన్‌కి ఐదు రోజులొస్తాయి భాయ్, హాయిగా వెళ్దాం’’ అన్నాను. ఆయన తలూపాడు.

రంజాన్ వచ్చింది. అనుమతి వచ్చింది. టైర్లు కొత్తవి. కారు సర్వీసు అయింది. దారిలో ఏదో ఒక మసీదులో పండగ నమాజు చేసుకుంటానని భాయ్ కొత్త లాల్చీ ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు. సెలవులకి వారం ముందు, బయల్దేరే రోజు రాహుకాలం ఎప్పుడో చూద్దామని ఫోనులో పంచాంగం తెరిచాను. అమావాస్య!

నన్ను చాదస్తుడంటారని తెలుసు. గుడికి పోను, ఉపవాసాలుండను. కానీ కుర్రతనంలో రాజమండ్రి వంతెన మీద అమావాస్య రోజునే మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. అప్పట్నుంచి అమావాస్యకి దూరప్రయాణం పెట్టుకోను. పాడ్యమికీ పెట్టుకోను. ‘‘నమ్మకం కాదు భాయ్, జాగ్రత్త. ఎడారిలోకి వెళ్తున్నాం, మామూలు చోటుకా?’’ అన్నాను.

భాయ్ నా వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ‘‘ఏంది సారూ, ఇంత చదివినావు. నెలపొడుపు చూసే గదా మాకు పండగ! రంజాన్ ఎప్పుడొచ్చినా అమాస పక్కనే వస్తాది. ఇంక నువ్వు జన్మలో రంజాన్ సెలవులకి కదల్లేవు పో!’’

పదకొండేళ్ళుగా గల్ఫ్‌లో ఉంటున్నాను. ఈ చిన్న లెక్క నా బుర్రకి తట్టలేదు. ఉడుక్కున్నాను. విదియ నాడు బయల్దేరదామన్నాను. అప్పటికి చేతిలో మూడు రోజులే మిగుల్తాయి. మూడు రోజుల్లో నాలుగు రోజుల ప్లాన్ పట్టదు.

‘‘ఇసకొద్దు, తాబేళ్ళొద్దు’’ అన్నాడు భాయ్. నవ్వు పోయింది గొంతులోంచి. ‘‘ఒక్క హైమా చాలు సారూ. పొద్దన్నే బయల్దేరితే మద్యానానికి పోతాం. తెల్లారి వచ్చేద్దాం.’’

ఆ క్షణం ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో! ‘సరే పదండి’ అంటే అయిపోయేది. ఆరు గంటల ప్రయాణం. నేనేమన్నాను? ‘‘చేస్తే పూర్తిగా చెయ్యాలి భాయ్. అరకొరగా వద్దు. బక్రీదు దశమి నాడొస్తుంది, దివ్యమైన తిథి. అప్పుడు వెళ్దాం’’ అన్నాను. నేను గీసిన గళ్ళు చెడిపోతాయని ఒక మనిషి కోరిక పక్కన పెట్టాను. ఛీ, నా బతుకు.

‘‘బక్రీదుకి ఎండలు సారూ’’ అన్నాడాయన. లాల్చీ వేసుకుని మస్కట్‌లోనే నమాజు చేసుకుని, డబ్బా నిండా షీర్ ఖుర్మా పాయసం తెచ్చి నాకిచ్చి పోయాడు. నేను తిన్నాను కూడా.

ఆయన అన్నట్టే అయింది. బక్రీదు నాటికి ఎడారి నిప్పుల కొలిమి. ఆ వేడిలో కారు తీసేవాడు పిచ్చివాడు. అది నాకు ముందే తెలియదా? కాగితాల గడువులన్నీ నోటికి చెప్పేవాణ్ణి. ఒక్క ఆ కంటి గడువు మాత్రం నా గళ్ళలో ఎక్కడా రాసుకోలేదు.

ఎండాకాలం మధ్యలో ఒకరోజు గోడౌన్ నుంచి ఫోను. భాయ్ రిజిస్టరులో ఒక లైను మీదే పది బండ్ల నంబర్లు రాశాడట. పరిగెత్తాను. ఎడమకంట్లో రక్తం చిమ్మిందన్నారు ఆసుపత్రిలో. లేజరు చేశారు, ఇంజక్షన్లు ఇచ్చారు. ప్రతిసారీ నేనే తీసుకెళ్ళాను. ఒక్క అపాయింట్‌మెంటు కూడా తప్పనివ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమంటే అదే. ‘వెలుతురు తెలుస్తుంది, ఆకారాలు కొంచెం తెలుస్తాయి, అంతే’ అన్నాడు డాక్టరు. కంపెనీ డిసెంబరులో ఇంటికి పంపించేస్తోంది. ఆ వీసా రద్దు కాగితాలు తయారు చేసినవాణ్ణీ నేనే.

నవంబరులో వెళ్ళాం. తిథి బాగుంది. అంతకంటే ఏం చెప్పను! ఇసుక తిన్నెలు లేవు, తాబేళ్ళు లేవు, తిన్నగా హైమా. భాయ్ ఆ లాల్చీ వేసుకుని నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఆదమ్ ఊరు దాటాక చెట్టూ చేమా లేని నేల. కానీ ఆయనకి దారంతా తెలుసు. ‘‘ఇప్పుడు ఎడమ పక్క పంపు వచ్చుండాలే’’ అంటే వచ్చేది. ‘‘రోడ్డు కొంచెం ఎత్తెక్కుతాది చూడు’’ అంటే ఎక్కేది. ఎదురుగా ట్రైలరు పోతే ఆ గాలి దెబ్బకి, ‘‘ఫుల్ లోడు’’ అనేవాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు. దిద్దటానికి నాకు ఒక్కటీ దొరకలేదు.

అభయారణ్యంలో రేంజరు తన పికప్‌తో ముందు పోతుంటే వెనక గులకరాళ్ళ దారిలో చాలాసేపు నడిపాను. కంచె దగ్గర ఆపి దిగాం. తుమ్మచెట్టు నీడలో పదీ పన్నెండు ఓరిక్సులు. మమ్మల్ని చూసి తలలెత్తాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి కాళ్ళు, ప్రతి తల మీదా రెండేసి కొమ్ములు, తిన్నగా ఆకాశంలోకి. అంత దగ్గరగా ఉంటాయనుకోలేదు.

భాయ్ చేత్తో కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహం చెట్టు వైపు లేదు. కుడి పక్కన, ఒక తెల్ల నీళ్ళ ట్యాంకు వైపు ఉంది. దాని పక్కన నిలువుగా ఒక ఇనప స్తంభం.

‘‘చూసినా సారూ’’ అన్నాడు. ‘‘చానా బాగుండాది. నేన్జెప్పలా? ఒక్కటే కొమ్ము.’’

రేంజరు నా మొహంలోకి చూశాడు. నేను తల దించుకున్నాను.

‘‘అవును భాయ్. ఒకటే. పందెం మీరే గెలిచారు’’ అన్నాను.

ఆయన ఇంకాసేపు ట్యాంకు వైపే చూస్తూ నిలబడ్డాడు. రేంజరుకి సలాం చెప్పి కారెక్కాడు.

‘‘సారూ’’ అన్నాడు తారు రోడ్డు ఎక్కాక, మెల్లగా. ‘‘నిన్ను ఇన్నేండ్లుగా చూస్తాండా. ఒకరు తప్పు మాట్లాడితే నువ్వు ఇడిసిపెట్టింది ఇదే మొదలు.’’

నేను బండి వేగం తగ్గించాను.

‘‘రెండు గదా?’’

‘‘రెండే భాయ్.’’

‘‘పెద్దవేనా?’’

‘‘పెద్దవే. తిన్నగా ఉన్నాయి. ఎదురుగా చూస్తే రెండూ వేరువేరుగా కనిపిస్తున్నాయి’’ అన్నాను. బండి రోడ్డు పక్కకి తీసి ఆపేశాను.

‘‘బిర్యానీ నేనే చెయ్యాల్నన్నమాట’’ అని నవ్వాడు. తడుముకుంటూ నా భుజం దొరకబుచ్చుకుని రెండుసార్లు తట్టాడు. ‘‘ఆపినావా బండి? ఆపు, ఆపు. ఈ రోడ్డు మీద ఇప్పుడు నిన్ను ఎందుకాగినావని అడిగేటోడు ఎవుడూ లేడు.’’

డిసెంబరులో ఆయన్ని విమానం ఎక్కించాను. వెళ్ళేముందు బిర్యానీ వండాడు, ఉప్పు ఎక్కువైంది. నేను ఏమీ అనలేదు. ఆ అమావాస్య రోజు బయల్దేరి ఉంటే ఆయన ఆ చెట్టు కింద తన కంటితో రెండు కొమ్ములూ చూసుకునేవాడు. నాతో దెబ్బలాడి, ఓడిపోయి, పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ రోజు ఎక్కడా ఏ ప్రమాదమూ జరగలేదు. నేను రూమ్‌లో పడుకుని ఉన్నాను.