పిల్లబగ్గు

ఏడో తరగతిలో బడి మానేసినవాడు ఇంగ్లీషు మాటకు సొంతంగా అర్థం చెప్పుకుంటే ఎంత అనర్థమో తెలియాలంటే, పుస్తకాలు తిరగేయనక్కర్లేదు, నన్ను చూస్తే చాలు. ఒకే ఒక్క మాటతో రెండు జాతులను ఏకం చేసినవాణ్ణి.

వడమాలపేటలో రోడ్డు మీద నాకు సైకిల్ షాపు. ఊరికి ఎస్టీడీ బూతు కొత్తగా వచ్చిన రోజులు. మా మేనమామ కూతురు సుగుణ రోజూ బస్సులో తిరుపతికి పోయి బీఎస్సీ చదివేది. ఆ పిల్ల ముద్దుగా పెంచుకొనేది కుక్కనో చిలకనో కాదు, పూలకుండీ ఎత్తితే తడిలో కనబడే బూడిదరంగు పురుగులను. రెండు గాజుపెట్టెలు. వాటిలో మట్టి, ఎండాకులు, ఒక కీరకాయ ముక్క, కొరుక్కోవడానికి సుద్దముక్క. నాకే ఇంట్లో అంత మర్యాద లేదు.

"పురుగులు అనొద్దు బావా, ఇవి రొయ్యలకు సుట్టాలు," అనేది.

"అట్లయితే ఏపుడుకు పనికొస్తాయి," అనేవాణ్ణి.

సోమవారం కాలేజీలో సైన్సు ప్రదర్శన. సుగుణ వీటినే చూపించాలి. మా మామ ముందే తేల్చేశాడు: "నేనూ వచ్చి సూస్తా. పురుగుల్ని సూసి నలుగురూ ఎగతాళి చేసినారంటే, ఇంక సదువు సాలు." ఆయన అన్నాడంటే అన్నట్టే. అంటే ఆ పెట్టెల్లో ఉన్నవి పురుగులు కావు, సుగుణ మూడో ఏడు చదువు.

శనివారం వాళ్లంతా శ్రీకాళహస్తిలో పెళ్లికి పోవాల్సి వచ్చింది. పంచర్లు చూసే నీళ్లతొట్టి పక్కన చల్లగా ఉంటుందని సుగుణ పెట్టెలు నా షాపులో దించింది.

"ఇది పిల్‌బగ్గు. ఇది సౌబగ్గు. నీళ్లు సిలకరించు బావా, ఇంకేం సేయొద్దు."

చివరి మాట నా చెవిలో పడేలోగా బస్సు హారన్ మోగింది. నాకు పడింది ఒక్కటే: పిల్లబగ్గు. పిల్లలన్నమాట. పిల్లలకు వేరే పెట్టె ఉందంటే, ఆ రెండో పెట్టెలోవి తల్లులు కాక ఇంకేమిటి?

కూర్చుని గమనించాను. తల్లుల పెట్టెలో ఒకటే పరుగులు, బిడ్డల కోసం వెతుకుతున్నట్టు. పిల్లల పెట్టెలో వేలు పెడితే ఒక్కొక్కటీ ఉండలా చుట్టుకుపోయింది. అది చూసి నాకు మా బడి గుర్తొచ్చింది. అయ్యవారు ప్రశ్న అడిగితే నేనూ ఇట్లాగే ముడుచుకునేవాణ్ణి. ఆ ముడుచుకోవడంలోనే ఒకరోజు గేటు దాటి దొర్లిపోయాను. పక్కన ఎవరైనా ఉండి ఉంటే విప్పుకొనేవాణ్ణేమో. జాలి ముంచుకొచ్చింది. మూతలు తీసి, ఒక పెట్టెను ఇంకోదాంట్లో వంపేశాను.

మీరు నవ్వుతున్నారు. నాకు మాత్రం అప్పుడు కళ్లు చెమర్చాయి, ఒట్టు.

ఆదివారం సాయంత్రం బస్సు దిగుతూనే సుగుణ షాపుకు వచ్చింది.

"బావా, దీంట్లోవి యాడ?"

ముడుచుకున్నాను. "పిల్లి... దోసినట్టుండాది."

"పిల్లి మూత తీసి, దాంట్లోవి దీంట్లోకి వంపి, మళ్లా మూత పెట్టి పొయ్యిందా?"

"మన ఈది పిల్లి గదా, పద్ధతైంది."

"బావా!"

కక్కేశాను. తల్లీపిల్లల సంగతి వింటే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్టూలు మీద కూలబడి, "రేపు నాయన వస్తాడు బావా," అంది మెల్లగా. నా పరాచికాలన్నీ పంచరైన ట్యూబులా చల్లబడ్డాయి.

ఏరడం మొదలుపెట్టాం. పిల్ అంటే పిల్ల కాదు, మాత్ర అని, ముట్టుకుంటే మాత్రలా ఉండ చుట్టుకునేది పిల్‌బగ్గు, చుట్టుకోలేక పరిగెత్తేది సౌబగ్గు అని చెప్పింది. చీపురుపుల్లతో తాకుతూ పోయాను. మొదట్లో చక్కగా చుట్టుకున్నవే, పొడిచి పొడిచి చంపుతుంటే విసిగిపోయి, 'వీడింతే' అన్నట్టు లేచి నడిచిపోయాయి.

"అవి బయపడేది నమ్మొద్దు, ఎనకపక్క సూడు," అంది సుగుణ. "సౌబగ్గుకు రెండు సిన్న తోకలు పొడుసుకొని ఉంటాయి. ఒళ్లు ఎంత వంచినా అవి దాగవు. పిల్‌బగ్గయితే సుట్టుకుంటే బఠాణీగింజే, ఏమీ బయటికి కనపడదు."

సగం తేలకముందే వెలుగు పోయింది. సుగుణ పుల్ల పారేసి కాసేపు ఆ పురుగుల కలగాపులగాన్ని చూస్తూ కూర్చుంది. "వదిలెయ్ బావా. కలిపే తీసుకపోతా," అంది.

మర్నాడు పెట్టె మోసుకొని నేనూ కాలేజీకి పోయాను. సుగుణ బల్ల మీద వెడల్పాటి పళ్లెంలో అన్నిటినీ పోసి, పక్కన చీపురుపుల్లలు పెట్టి, 'ఏది ఏదో మీరే చెప్పండి' అని అట్ట మీద రాసింది. జనం ఆ బల్లను వదల్లేదు. అందరికంటే లోపలికి వంగినవాడు మా మామ.

"సూడప్పా, దీనికి తోక ఉండాది! సౌ ఇది, సౌ!" అని ఎవరో ముక్కూమొగం తెలియనాయనను గదమాయిస్తున్నాడు. చుట్టూ నవ్వారు, నవ్వకేం చేస్తారు. పుల్ల చేతికొచ్చిన మా మామకు ఆ నవ్వు వినబడలేదు. చదువు మానిపించే మాట ఆ ఇంట్లో మళ్లీ పుట్టలేదు.

నేను మాత్రం పంచర్ల తొట్టిలో చెయ్యి ముంచి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ జీవి కాపురంలోనూ వేలు పెట్టను, అర్థం తెలియని ఇంగ్లీషు మాట మీద జాలిపడను.

ప్రమాణం చేసినవాడు నోరు మూసుకోవచ్చు కదా? సుగుణ ఖాళీ పెట్టె కోసం వస్తే ఛాతీ విరుచుకొని, "అసలు నేను కావాలనే కలిపినా. జనం ఎగబడతారని నాకు ముందే తెల్సు," అన్నాను.

ఆ పిల్ల నన్ను ముందునుంచి చూసి, చుట్టూ తిరిగి వెనకనుంచి కూడా చూసింది.

"ఎంత సుట్టుకున్నా నీ తోక కనపడతానే ఉండాది బావా."